విడిగదిలో దాచినవి

పొద్దున్నే చేయవలసిన పనులని ల్యాబ్ గోడ మీద ఒక కాగితం అంటించి ఉండేది.

పళ్ళెం వెచ్చగా ఉందో లేదో చూడాలి.
పోషకద్రవం సీసా మార్చాలి.
రాత్రి సూచి పూర్తయిందా, మధ్యలో ఆగిందా చూడాలి.
విడిగదికి కొత్త నకలు తీయాలి.
కిటికీ తెర పక్కకు జరపాలి, సముద్రం కనబడాలి.
కాసులమ్మగారికి టీ. అల్లం దంచి వేయాలి. పంచదార కాదు, బెల్లం.
పేరు అడగాలి. ఊరు అడగాలి.

వీటికింద, వేరే సిరాతో: నేనెవరో అడగాలి.

ఆ చివరి మాట నూకరత్నం రాసుకున్నది. మిగతా పనులన్నీ ఎవరు చేసినా ఒకటే. అది మాత్రం ఆమె ఒక్కతే చేయగలిగిన పని. ఒక్క పొద్దునైనా ఆ పని మానేద్దామని అనుకునేది, మానలేకపోయేది.

"మీ పేరేటమ్మా?"

"కాసులమ్మ. మైలపల్లి కాసులమ్మ."

"ఊరు?"

"చినగడ్డపేట. భీమిలికి ఇవతల. బస్సు ఆగదు, సెయ్యెత్తితే ఆగుతాది."

"నేనెవరు?"

కాసులమ్మ గ్లాసు కిందపెట్టి పరీక్షగా చూసేది. నుదురు ముడివేసేది. ఆ చూపులో ఎక్కడో ఒక తలుపు దాకా వచ్చి ఆగినట్టు ఉండేది. తర్వాత మర్యాదగా నవ్వేది.

"మీరు ఈ ఆస్పత్రి నర్సమ్మ కాదేటి? టీ మాత్రం బాగా ఎడతారు."

'మీరు' అన్న ఆ మాటే రత్నాన్ని కోసేది. కాసులమ్మ ఆమె సొంత అక్క. పుట్టినప్పటినుంచి ఆ అక్క నోట 'ఒలే', 'సిన్నగుంట', కోపం వస్తే 'ఓ సచ్చినదానా' తప్ప ఇంకో పిలుపు ఎరగదు. బడికి పంపించింది అక్క. రొయ్యల షెడ్డులో మంచుగడ్డల మధ్య చేతులు మొద్దుబారిపోయేలా రొయ్యలు ఒలిచి ఇంజనీరింగు చదివించింది అక్క. పేటలో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్ల నూకరత్నం అని ఊరంతా చెప్పుకుంటుంటే, "మరేటి, మా రత్నం!" అని చాపల బుట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగింది కూడా అక్కే.

ఆ అక్కకు మెదడువాపు జ్వరం వచ్చింది. ప్రాణం నిలబడింది గానీ, ఇసుకగూటిలోకి అల వచ్చినట్టు జ్ఞాపకాలు ఒక పక్కనుంచి జారిపోవడం మొదలైంది. నిన్న ఏం తిన్నదో పోయింది. తర్వాత పోయిన ఏడు పోయింది. రోజురోజుకీ వెనక్కి, వెనక్కి.

విశాఖలో కొండమీద ఉన్న ఆ ల్యాబ్‌లోనే రత్నం ఉద్యోగం. ల్యాబ్ పెద్ద డాక్టర్ మేరీ సునంద అప్పటికి చాలా ఏళ్ళుగా ఒక పళ్ళెం పెంచుతున్నారు. అరచేతి వెడల్పు గాజు, దానిలో బతికున్న కణాల పొర. మనిషికి ఒక సంగతి గుర్తొచ్చిన క్షణంలో మెదడులో మెరిసే మెరుపును ఆ పొర పట్టుకుని దాచుకుంటుంది. చెవి వెనక చర్మం కింద శనగగింజంత పూస ఒకటి పెడతారు. ఏదైనా తలుచుకోగానే పూస పళ్ళేన్ని అడుగుతుంది, పళ్ళెం ఇస్తుంది.

"మీ అక్కకు గుర్తున్నవి గుర్తున్నప్పుడే ఎత్తిపెడదాం, రత్నం. ఆలస్యం చేస్తే ఎత్తడానికి ఏమీ ఉండదు," అన్నారు సునంద.

ఎత్తిపెట్టారు. రత్నం రోజూ ఎండుచేపలు తెచ్చి వాసన చూపించేది. అక్క చేతిలో తడి ఇసుక పోసేది. పేటలో చెక్కభజన చప్పుడు వినిపించేది. అక్క కళ్ళలో ఏదో కదిలేది, కంప్యూటర్ తెరమీద కనబడే ఆ పొరలో ఒక చుక్క వెలిగేది. ఒక్కో చుక్క ఒక్కో రోజు.

అన్నీ అయ్యాక ఆ చుక్కల్ని సర్దిపెట్టే పని రత్నానిది. పళ్ళేన్ని ఒక ఇల్లనుకుంటే, దారులు, బజారు, పని, పాటలు, ఇరుగుపొరుగు, ఇవన్నీ నడిమింట్లో పెట్టింది. అయ్య, అక్క, తను ముగ్గురూ ఉన్న రోజుల్ని మాత్రం అదే ఇంట్లో ఒక విడిగది కట్టి అందులో పెట్టింది. కారణం ఉంది. తలుచుకున్నప్పుడల్లా చుక్క కొంచెం అరుగుతుంది. విడిగదిగా ఉన్నదానికైతే ప్రతి పొద్దునా ఉన్నది ఉన్నట్టు నకలు తీసి, ఆ గదిలోనే ఓ వార పెట్టవచ్చు. నడిమింటికి ఆ వీలు లేదు.

"బజారు దారి పోతే మళ్ళీ నేర్చుకోవచ్చు మేడమ్. ఇవి పోతే దొరకవు," అంది రత్నం.

సునంద ఆమె భుజం తట్టారు.

పూస పెట్టిన తర్వాత కాసులమ్మకు లోకం తిరిగొచ్చింది. వల అల్లడం వచ్చింది. పూర్ణా మార్కెట్లో ఏ వీధిలో ఉల్లి చవకో చెప్పింది. షెడ్డు మేస్త్రీని తిట్టిన తిట్లు వరసగా చెప్పి సునందగారినే నవ్వించింది. రత్నం మాత్రం రాలేదు. అయ్య కూడా రాలేదు. "మీ తోడబుట్టినవాళ్ళు?" అని అడిగితే, "నానొక్కర్తినే కాబోలు," అనేది, అదేదో తన తప్పయినట్టు.

జ్వరం ఆ భాగాన్ని ముందే కాల్చేసి ఉంటుందని డాక్టర్లు తేల్చారు. రత్నానికి ఆ మాట మింగుడుపడలేదు. విడిగదిలో చుక్కలు వెలుగుతూనే ఉన్నాయి. ఆమె రోజూ చూస్తూనే ఉంది.

*

ఆదివారం మధ్యాహ్నం రత్నం తన అద్దెగదిలో అన్నం పెట్టుకుంది. చేపల పులుసు. కండ ఎక్కువున్న మూపు ముక్క ఒకటి తీసి, చిన్న గిన్నెలో వేసి, పైన మూత పెట్టి పక్కన ఉంచింది. ఉంచాక గాని చేయి చేసిన పని తెలియలేదు. ఎవరికోసం?

చినగడ్డపేటలో వాళ్ళింటి పద్ధతి అది. ఇంట్లో లేని మనిషి వాటా ముందు తీసి ముంతలో పెట్టి ఉట్టి మీదికి ఎక్కించాకే మిగతావాళ్ళు తినాలి. అయ్య వేటకు వెళితే అయ్య ముంత. రత్నం భీమిలి హైస్కూలుకు వెళ్ళడం మొదలుపెట్టాక రత్నం ముంత. బస్సు దిగి ఇసుకలో పరిగెత్తుకొచ్చేసరికి ఉట్టి కింద పీట వేసి ఉండేది. చల్లారిన చందువా పులుసు రుచి వేడి పులుసుకు రాదని రత్నం ఈనాటికీ నమ్ముతుంది.

ఒకసారి ఇంటినిండా చుట్టాలు దిగారు. ఉట్టి మీద పెడితే ఎవరో ఒకరు ఊడ్చేస్తారని అక్క ఆ ముంతను తీసుకెళ్ళి ఉప్పుకుండల వెనకాల దాచింది. దాచి, చుట్టాల హడావిడిలో మరిచిపోయింది. రత్నం ఆ రోజు గంజితో సరిపెట్టుకుంది. తర్వాత ఇల్లంతా ఒకటే కంపు. అక్క ప్రతి మూలా వెతికింది, ఉప్పుకుండల వైపు తప్ప.

"ఎతికిన సోటే ఎన్నిసార్లు ఎతుకుతావే?" అన్నాడు అయ్య, ముక్కుకు తువ్వాలు కట్టుకుని.

"ఆ మూల ఉప్పే కదయ్యా ఉంటాది! అదంతా సూసిందే కదాని సూడలేదు."

"దాసినది దాసినట్టే కుళ్ళిపోనాది. సెబాసు!"

అయ్య నవ్వు మొదలుపెడితే ఆపేవాడు కాదు. ఆ నవ్వు చూసి అక్క ఏడవబోయి తనూ నవ్వింది.

రత్నం ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది. అదంతా సూసిందే కదాని సూడలేదు. చేయి కడుక్కుని, చెప్పులు వేసుకుని, కొండమీది బస్సు ఎక్కింది.

*

"ఒక్కసారి ఇలా రండి మేడమ్." రత్నం సునందను ల్యాబ్ ముందు తలుపులోంచి బయటికి తీసుకెళ్ళి, వసారా చుట్టూ తిప్పి, బాల్కనీ తలుపులోంచి మళ్ళీ లోపలికి తెచ్చింది. "ఇది మనం ఇందాక చూసిన గదేనా?"

"ఎండలో నన్ను ఇంతసేపు తిప్పింది ఇందుకా?"

"గదిలో కుర్చీలన్నీ లెక్క రాయమన్నాననుకోండి. ఈ తలుపులోంచి వచ్చి మళ్ళీ లెక్కపెడతారా?"

"పిచ్చా? లెక్కపెట్టేసిందే కదా."

"సూచి కూడా అదే అనుకుంటోంది మేడమ్." రత్నం తెర ముందు కూర్చుంది. "రోజూ రాత్రి అది పళ్ళెమంతా తిరిగి, ఏ జ్ఞాపకం ఎక్కడుందో పట్టీ రాసుకుంటుంది. పూస వెతికేది ఆ పట్టీలోనే, పళ్ళెంలో కాదు. పట్టీలో లేనిది అక్కకు లేనట్టే. సూచికి ఒక నియమం ఉంది: ఒకసారి చూసిన డిస్కే, అంటే మన పళ్ళెమే, ఇంకోచోట ఇంకో పేరు తగిలించుకుని మౌంటై కనబడితే, అది అదే గదికి రెండో తలుపు, లోపలికి వెళ్ళకు. కంప్యూటర్లలో ఫైళ్ళు వెతికే పాత ప్రోగ్రాములనుంచి మనం తెచ్చుకున్న నియమం. మంచిదే, లేకపోతే ఒకటే వస్తువు పదిసార్లు రాస్తుంది."

"అయితే?"

"విడిగదిని నేను మౌంట్ చేసింది అదే డిస్కు మీద. పేరు వేరు, తలుపు వేరు, లోపల ఉన్నదీ వేరు. కానీ సూచి తలుపు మీద డిస్కు నంబరొక్కటే చూస్తోంది. 'ఇది చూసిందేలే' అని గుమ్మం దగ్గరనుంచే వెనక్కి తిరిగిపోతోంది. ప్రతి రాత్రీ."

సునంద తెర దగ్గరికి వంగారు.

"జ్వరం కాల్చలేదన్నమాట."

"లేదు మేడమ్. భద్రంగా ఉంటాయని నేనే పెట్టాను. భద్రంగానే ఉన్నాయి." రత్నం కీబోర్డు దగ్గరికి లాక్కుంది. "ఆ నియమాన్ని తీసేస్తాను. రేపు పొద్దుటికి అక్క నన్ను పిలుస్తుంది."

*

పిలిచింది.

టీ గ్లాసుతో లోపలికి అడుగు పెట్టిందో లేదో, "ఒలే రత్నం!" అని గది అదిరేలా అరిచింది కాసులమ్మ. "ఇలగ సిక్కిపోనావేటే? కూడు తినడం నేదా? ఆ జుట్టేటి, సీపురుకట్టలాగ!"

రత్నం గ్లాసు ఎక్కడ పెట్టిందో తెలియదు. అక్క ఒడిలో తల పెట్టేసింది. ఉద్యోగం, చదువు, వయసు అన్నీ జారిపోయి, బస్సు దిగి పరిగెత్తుకొచ్చిన పిల్లయిపోయింది.

అక్క ఆమె జుట్టు చిక్కు తీస్తూ నవ్వుతోంది. "నీ తిండి తగలెయ్య! ఎన్నిసార్లు ఎట్టినానే ఆ సందువా? మూత తీసినాను, ఎట్టినాను. మల్లీ తీసినాను, మల్లీ ఎట్టినాను. ఒకటే ముంత, ఒకటే ముక్క. తినీసి మల్లీ వొత్తావు, మల్లీ..."

రత్నం తల ఎత్తింది. అక్క వేళ్ళు ఆగాయి. చూపు కిటికీ అవతల సముద్రం మీదికి పోయింది.

"తెప్ప రాలేదే."

"అక్కా..."

"గాలి లేసినాది. అందరి తెప్పలూ వొచ్చినాయి, అయ్యది రాలేదు. తెల్లార్లూ ఒడ్డునే కూకున్నాం కదే, నువ్వు నా కొంగులోన తల ఎట్టుకుని. రాలేదు." కాసులమ్మ లేచి కిటికీ ఊచలు పట్టుకుంది. "మల్లీ గాలి లేసినాది. మల్లీ రాలేదు. మల్లీ కూకున్నాం. ఒలే, ఇది ఇంకోటి! ఇంకో తెప్ప! ఎంతమంది అయ్యలే మనకి? ఎన్ని తెప్పలు ములిగిపోనాయే, రత్నం?"

అప్పుడు అర్థమైంది. తను ప్రతి పొద్దునా తీసిన నకళ్ళన్నీ ఆ గదిలోనే ఉన్నాయి. తలుపు తెరుచుకోగానే సూచి వాటన్నిటిలోకీ దూరింది. ప్రతి నకలునూ ఒక కొత్త రోజుగా పట్టీలో రాసుకుంది. కూతురు ఒక్కసారి మోయవలసిన శోకాన్ని, ఎన్ని నకళ్ళుంటే అన్నిసార్లు అక్క నెత్తిన పెట్టింది.

సునంద పరుగున వచ్చి మత్తు ఇచ్చారు. నియమాన్ని యథాతథంగా పెట్టేశారు. మర్నాడు కాసులమ్మ ప్రశాంతంగా లేచి టీ తాగింది.

"బాగున్నాది, నర్సమ్మా. మీ కళ్ళు వాసిపోనాయేటి? నిద్ర నేదా?"

*

"నకళ్ళను వేరే పళ్ళెంలోకి మార్చలేమా?" అని రత్నం అడగలేదు. అడగనక్కరలేదు. ఒక పొర మీద మొలిచిన చుక్క మరో పొర మీద బతకదు. సూచిని నడిపేది పూసే; ఈ తలుపులోకి వెళ్ళు, ఆ తలుపులోకి వద్దు అని విడివిడిగా చెప్పించుకునే తెలివి ఆ పూసకు లేదు. కొత్త పూస పెట్టాలంటే మళ్ళీ కోత, అక్క ఒళ్ళు దానికి తట్టుకోదు. మిగిలింది ఒకటే దారి. విడిగది గోడ తీసేసి, లోపలున్నవాటిని నడిమింట్లో కలిపేయాలి. అప్పుడు సూచి వాటిని చూస్తుంది, ఒక్కసారే చూస్తుంది. నకళ్ళు మాత్రం పోతాయి. కొత్తవి తీయడానికీ ఉండదు.

"తొందరపడకు," అన్నారు సునంద. "అలాగే ఉంచితే అవి మన తర్వాత కూడా ఉంటాయి. చెక్కు చెదరవు."

"ఎవరికి మేడమ్?"

"నీకు గుర్తున్నాయిగా. నువ్వే కూర్చోబెట్టి చెప్పు."

"చెప్పాను మేడమ్. వింటుంది. విని, 'మీరు శానా మంచివోరమ్మా' అంటుంది."

సునంద కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కలిపేస్తే తలుచుకున్నప్పుడల్లా అరుగుతాయి, రత్నం. ఎంతకాలం ఉంటాయో నేను చెప్పలేను."

"అది ఆమె సొత్తు. ఆమెనే అడుగుతాను."

సాయంత్రం అక్క కిటికీ దగ్గర కూర్చుని తెల్ల నైలాను దారంతో ఊరికే వల అల్లుతోంది. రత్నం కింద కూర్చుంది, నర్సమ్మలాగే.

"కాసులమ్మగారూ, ఒక సంగతి అడగనా? మీకు బాగా ఇష్టమైన వస్తువొకటి ఉందనుకోండి. దాస్తే ఎన్నాళ్ళయినా ఉంటాది, కానీ మీ చేతికి అందదు. వాడుకుంటే అరిగిపోతాది. ఏం సేత్తారు?"

"ఏటా వొస్తువు?"

"ఇట్టమైంది."

కాసులమ్మ వలలో ముడి బిగించి, పంటితో దారం తెంపింది. "తెప్పని ఒడ్డునెట్టి పసుపుకుంకం రాసి దాసుకున్నోడు మా పేటలోన ఎవుడూ నేడమ్మా. ఒడ్డునుంటే సెద తింటాది. నీట్లో ఉంటే నీరు తింటాది." ఆమె నవ్వింది. "నీరే తిననీ. నీట్లో అయితే కూడైనా దొరుకుతాది."

మర్నాడు పొద్దున, ల్యాబ్ వాళ్ళందరూ ఉండగా, రత్నం విడిగది గోడ తీసేసింది. తెరమీద చుక్కలు ఒక్కొక్కటే నడిమింట్లోకి నడిచాయి. నకళ్ళు ఒక్కొక్కటే చల్లారాయి. పనుల కాగితం మీద 'విడిగదికి కొత్త నకలు తీయాలి' అన్న పంక్తిని సునందే తన కలంతో కొట్టేశారు.

ఆ తర్వాతి పొద్దున కాసులమ్మ టీ గ్లాసు అందుకుని, ముఖం చిట్లించింది.

"బెల్లం సాలలేదే, సిన్నగుంటా."

కాసేపాగి, ఒక్కసారే, అయ్యకోసం ఏడ్చింది. రత్నం కూడా ఏడ్చింది. ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు. ఆ ఏడుపు అక్కడితో అయింది.

*

రత్నం అక్కను తన అద్దెగదికి తెచ్చుకుంది. పళ్ళెం ఒక డబ్బాలో మంచం పక్కన ఉండేది. సాయంత్రాలు ఇద్దరూ గుమ్మంలో కూర్చుని చినగడ్డపేట కబుర్లు చెప్పుకునేవారు.

అరుగుదల త్వరలోనే కనబడింది. రత్నాన్ని కాలేజీలో దింపడానికి వెళ్ళిన రోజు అక్క కట్టింది ఎర్ర చీర. మొదట్లో ఎర్రదే. వానలు వచ్చేసరికి పసుపుదయింది. ముంతలో చందువా కాస్తా వంజరమయింది, తర్వాత సొరచేపే అయింది.

"సొర ముంతలో ఎలా పట్టిందే అక్కా?"

"ముంత పెద్దది. నువ్వు సిన్నదానివి, నీకేటి తెలుసు?"

రత్నం మొదట్లో సరిదిద్దబోయేది. సరిదిద్దితే అక్క మొహంలో ఆ పాత మర్యాద నవ్వు తొంగిచూసేది. మానేసింది.

ఒక సాయంత్రం సముద్రం మీంచి గాలి లేచింది. అక్క సముద్రం వైపు చూసింది. రత్నం అక్కకు దగ్గరగా జరిగింది.

"ఆయాల కూడా ఇలగే గాలి," అంది కాసులమ్మ. "అందరి తెప్పలూ వొచ్చినాయి. మనం కొంగు కప్పుకుని కూకున్నాం. గేపకముందా?"

"ఉందక్కా."

"తెల్లారిపోనాది. శానా ఆలీసంగా వొచ్చినాడే అయ్య." ఆమె మొహం వెలిగింది. "ఒళ్ళంతా ఉప్పు. వొచ్చీరాగానే 'నా ముంతేదే' అన్నాడు. ఆలీసమే గానీ, వొచ్చినాడు."

రత్నం అక్క చేతిమీద చెయ్యి వేసి, "అవునక్కా. వొచ్చినాడు," అంది.

ఆ ఏడు చలికాలం వెళ్ళేముందు కాసులమ్మ నిద్రలోనే వెళ్ళిపోయింది. అడిగే మనిషి లేకపోయేసరికి పళ్ళెం కూడా మెల్లగా చల్లబడింది. సునంద వచ్చి డబ్బా మీద చేయి ఉంచి కాసేపు నిలబడ్డారు. ప్రయోగం నివేదికలో ఫలితమని ఉన్నచోట రత్నం ఒకే మాట రాసింది: రోగి తన చెల్లెలిని చివరిదాకా గుర్తుపట్టింది.

ఇప్పుడు రత్నం ఎక్కడికైనా వెళ్ళినప్పుడు, తిరిగొచ్చేసరికి ఉండాలని తనకోసం తానే ఒక గిన్నెలో మూపు ముక్క పెట్టి వెళుతుంది. వచ్చాక చల్లగా తింటుంది. కాలేజీ రోజున అక్క కట్టిన చీర ఎర్రదా, పసుపుదా అన్నది ఆమెకే ఇప్పుడు తెలియడం లేదు. గాలి లేచిన రోజున అయ్య రాలేదని తెలుసు. కానీ ఒళ్ళంతా ఉప్పుతో గుమ్మంలో నిలబడ్డ మనిషి కూడా కళ్ళముందు కనబడుతున్నాడు.

నకలు ఎక్కడా లేదు. అందుకే ఈ కథ చదివినవారికి ఒక మనవి. మీ ఇంట్లో ఎవరికోసమైనా ఒక ముక్క పక్కకు తీసి మూత పెడుతున్నప్పుడు, చినగడ్డపేట మైలపల్లి కాసులమ్మను ఒక్కసారి తలుచుకోండి. చీర రంగు మీకు వేరేగా గుర్తొచ్చినా పరవాలేదు.